రిమ్ము వంగిందా? సుత్తి పట్టే ముందు చువ్వలు చూడండి

ఊళ్లలో మోటారు సైకిళ్లు ఎన్ని వచ్చినా పాత రోడ్డు సైకిలుకు పని తప్పలేదు. తెల్లవారక ముందే పాల క్యాన్లు కట్టుకొని కేంద్రానికి పోవాలన్నా, బాయికాడి నుంచి పచ్చిగడ్డి మోపు తేవాలన్నా, కల్లు లొట్లు తాళ్ల నుంచి దుకాణానికి చేర్చాలన్నా చాలామంది ఇప్పటికీ దానిమీదే ఆధారపడుతున్నారు. పెట్రోలు ఖర్చు లేదు, ఒరం మీద కూడా నడుస్తుంది. అయితే నల్లగొండ, పాలమూరు చల్క నేలల్లో, గుండ్రాళ్లు తేలిన బండ్ల బాటల్లో ఈ సైకిలుకు మొదట దెబ్బ తగిలేది చక్రానికే. రిమ్ము వంగుతుంది, చక్రం ఊగుతుంది. ‘అవుట్ కొడుతున్నది, ఇగ రిమ్ము పారెయ్యుడే’ అనుకుంటారు చాలామంది. ఇంకొందరు రాయో సుత్తో తీసుకొని నాలుగు దెబ్బలు వేస్తారు. రెండూ నష్టమే.

వంకర పోయినట్టు కనిపించే రిమ్ములు చాలావరకు నిజంగా వంగినవి కావు. వాటిని పట్టి ఉంచే చువ్వల బిగువు తప్పి ఉంటుంది. ఒక చిన్న పానా, కొంచెం నూనె, ఒక పూట ఓపిక ఉంటే ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు. ఏ రిమ్మును బాగుచేయవచ్చు, దేన్ని పారేయక తప్పదు, పని ఎలా చేయాలి అన్నవి ఈ వారం తెలుసుకుందాం.

ఊగే చక్రంతో వచ్చే ప్రమాదం

చక్రం కొద్దిగా ఊగితే ఏమైతది అని వదిలేయకండి. పాత సైకిళ్లలో బ్రేకు ఇనుప కడ్డీలతో పనిచేస్తుంది. బ్రేకు పట్టినప్పుడు రబ్బర్లు పైకి లేచి, రిమ్ము లోపలి వైపు, అంటే ఇరుసు వైపు ఉన్న అంచులను ఒత్తుతాయి. రిమ్ము ఒకచోట పల్లంగా, ఒకచోట ఎత్తుగా ఉంటే బ్రేకు ఒకసారి పట్టి ఒకసారి జారుతుంది. వంకర ఉన్నచోట రబ్బరు రాసుకుంటున్నదని చాలామంది బ్రేకును వదులు చేసి పెట్టుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా పోయే విజయవాడ రహదారి పైన, షాద్‌నగర్, జడ్చర్ల, పెబ్బేరుల మీదుగా పోయే కర్నూలు రహదారి పైన బస్సులు, లారీల వేగం మీకు తెలిసిందే. ఊరి బాట దిగి అలాంటి రోడ్డెక్కే సైకిలుకు బ్రేకు పట్టకపోతే పోయేది పాలు మాత్రమే కాదు.

బరువు సంగతి కూడా చూడండి. రెండు పక్కలా ఇరవై లీటర్ల క్యాన్లు కడితే పాల బరువే 41 కిలోల దాకా ఉంటుంది. క్యాన్ల బరువు వేరు, తొక్కే మనిషి బరువు వేరు. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలే అయినా, డీఏపీ బస్తా 50 కిలోలు ఉంటుంది. ఈ బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది. అందుకే పాత రోడ్డు సైకిళ్లకు ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక చక్రానికి 40 చువ్వలు పెట్టారు. ఆ నలభైలో రెండు విరిగినా, నాలుగు వదులైనా మిగతావాటి మీద భారం పెరుగుతుంది.

చక్రం నులక మంచం లాంటిది

ఎడ్లబండి చక్రాన్ని, సైకిలు చక్రాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. బండి చక్రంలో ఆకులు లావుగా, బలంగా ఉంటాయి. బరువు కింది ఆకు మీద నిలబడుతుంది, అంటే ఆకు తోసి మోస్తుంది. సైకిలు చువ్వ మందం రెండు మిల్లీమీటర్లే. దాన్ని నిలబెట్టి పైనుంచి ఒత్తితే వంగిపోతుంది. అది లాగి మాత్రమే మోయగలదు. నలువైపులా చువ్వలు సమానంగా లాగి పట్టుకోవడం వల్లే రిమ్ము గుండ్రంగా, తిన్నగా నిలుస్తుంది. చువ్వలను ఇరుసు నుంచి నేరుగా కాకుండా ఏటవాలుగా, ఒకదాని మీదుగా ఒకటి అల్లే పద్ధతికి ఇంగ్లాండులో జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు పొందాడు. మన సైకిళ్లలో ఇప్పటికీ ఉన్నది ఆ అల్లికే.

నులక మంచం అల్లిన వాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. ఒక మూల నులక ఎక్కువ లాగితే ఎదురు కోడు లేస్తుంది. అప్పుడు కోడును సుత్తితో కొట్టం కదా, నులక సర్దుతాం. సైకిలు చక్రం కూడా అంతే. చువ్వల్లో ఒకటి కుడివైపు, దాని పక్కది ఎడమవైపు ఇలా ఒకటి విడిచి ఒకటి ఇరుసు రెండు పక్కలకు పోతాయి. కుడివి ఎక్కువ లాగితే రిమ్ము కుడికి పోతుంది. ఎడమవి లాగితే ఎడమకు వస్తుంది. రెండూ కలిపి లాగితే ఇరుసు వైపు దిగుతుంది. చక్రం పని అంతా ఈ మూడు మాటల్లోనే ఉంది.

ముందుగా దెబ్బ ఏదో తేల్చుకోండి

సైకిలును సీటు, హ్యాండిలు మీద తలకిందులుగా నిలబెట్టండి. బెల్లు, బ్రేకు కడ్డీలు నలగకుండా కింద గోనెసంచి పరచండి. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ రిమ్మును గమనించండి. టైరును చూసి మోసపోవద్దు. టైరు సరిగా కూర్చోకపోయినా చక్రం ఊగినట్టే కనిపిస్తుంది.

తర్వాత రిమ్మును చేత్తో పట్టి కుడి ఎడమలకు కదిలించండి. ఇరుసు దగ్గర లొడలొడ ఆడితే లోపం రిమ్ముది కాదు. ఇరుసు కోన్లు వదులైనట్టు. ముందు వాటిని బిగించాలి. చక్రం హాయిగా తిరగాలి, కానీ పక్కలకు ఆడకూడదు. ఈ పని కాకుండా చువ్వలు ముట్టుకుంటే ఎంత చేసినా వృథానే.

ఇప్పుడు ఒక్కో చువ్వను వేలితో మీటి చూడండి. గట్టిగా ఉన్నది ‘టింగు’మంటుంది. వదులైనది ‘టప్’మని ఊరుకుంటుంది. విరిగినవి, పూర్తిగా వదులైనవి సుద్దతో గుర్తు పెట్టండి. విరిగిన చువ్వ కనిపిస్తే ముందు దాన్ని మార్చాలి. దుకాణానికి పోయేటప్పుడు పాత చువ్వను నమూనాగా తీసుకుపోండి. కొంచెం పొడుగైతే ట్యూబును పొడుస్తుంది, కొంచెం పొట్టిదైతే మర అందదు. వెనక చక్రంలో పళ్ల చక్రం వైపు చువ్వ విరిగితే ఫ్రీవీలు విప్పాల్సి వస్తుంది. ఆ పనిముట్టు మీ దగ్గర లేకపోతే ఆ ఒక్క పని షాపులో చేయించుకోండి.

అన్నీ చూశాక దెబ్బ ఏ రకందో తెలుస్తుంది. రిమ్ము పక్కలకు ఊగడం ఒకటి. ఒకచోట పల్లం, ఒకచోట ఎత్తు కావడం రెండోది. రాయి తగిలి అంచు మాత్రమే సొట్టపోవడం మూడోది. చక్రం మొత్తం ఎనిమిది అంకెలా మెలిక పడటం నాలుగోది. ఒక్కోదానికి వైద్యం వేరు.

కావలసిన సామాను

చువ్వల పానా, స్క్రూడ్రైవరు, రెంచి, ఒక కొయ్య సుత్తి, రెండు చెక్క ముక్కలు, సుద్దముక్క, కొంచెం మిషను నూనె ఉంటే చాలు. చువ్వల పానా చిన్నదే, సైకిలు సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. కొనేటప్పుడు మీ చక్రం నిప్పిల్ మీద పెట్టి చూసి కొనండి. వదులుగా ఉన్న పానా, కటింగ్ ప్లేయరు నిప్పిల్ మూలలను అరగదీస్తాయి. ఒకసారి అరిగితే దాన్ని ఇక తిప్పలేరు.

పనికి ముందురోజు రాత్రే ప్రతి నిప్పిల్ దగ్గర ఒక్కో చుక్క నూనె వేయండి. మిర్యాలగూడ వైపు కాల్వకట్టల మీద, వరి మడుల మధ్య తిరిగే సైకిళ్లకు తుప్పు ఎక్కువ. ఎరువు బస్తాలు మోసిన సైకిళ్లకు ఇంకా ఎక్కువ. పొటాష్ ఎరువు ఉప్పు జాతిది. రాలిన గుళికలు చెమ్మతో కలిసి ఇనుమును తినేస్తాయి. అలాంటి నిప్పిళ్లకు రెండు రాత్రులు నూనె పట్టనివ్వండి. బిగిసిన నిప్పిల్‌ను బలవంతంగా తిప్పితే చువ్వే మెలిపడి తెగుతుంది.

పక్క ఊపు తీసే విధానం

పెద్ద వంకరైతే గాలి తీసి, టైరు, ట్యూబు విప్పేయండి. కొద్దిపాటి ఊపుకు టైరు ఉన్నా ఫరవాలేదు. ఫోర్కుకు ఒక చీపురు పుల్లను పాత ట్యూబు ముక్కతో కట్టండి. పుల్ల కొన రిమ్ము అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఉండాలి. చక్రం తిప్పితే వంకర ఉన్నచోట పుల్ల గీసుకుంటుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి.

రిమ్ము కుడికి వచ్చిందనుకుందాం. ఆ గుర్తు మధ్యలో ఎడమవైపుకు పోయే చువ్వను అర చుట్టు బిగించండి. దాని రెండు పక్కలా కుడివైపుకు పోయే చువ్వలను పావు చుట్టు చొప్పున వదలండి. ఎడమకు వచ్చి ఉంటే ఇది తిరగేసి చేయాలి. బిగించడం ఒక్కటే చేస్తూ పోతే రిమ్ము అక్కడ ఇరుసు వైపు దిగి పల్లమవుతుంది. అందుకే ఒకటి బిగిస్తే ఎదురుది వదలాలని గుర్తుంచుకోండి.

ఏ వైపు తిప్పితే బిగుస్తుంది అన్నదగ్గరే ఎక్కువమంది తికమక పడతారు. సైకిలు తలకిందులుగా ఉన్నప్పుడు చక్రం అన్నిటికంటే పైభాగంలో ఉన్న నిప్పిల్‌ను పైనుంచి చూడండి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది, ఎదురు తిప్పితే వదులవుతుంది. చక్రం కింది భాగంలో ఉన్న నిప్పిల్‌ను పైనుంచి చూస్తే ఇది తారుమారుగా కనిపిస్తుంది. కాబట్టి సరిచేయాల్సిన చోటును ప్రతిసారీ పైకి తెచ్చుకొనే తిప్పండి.

తొందరపడి రెండు మూడు చుట్లు తిప్పేయకండి. ఒక పూర్తి చుట్టుకు నిప్పిల్ జరిగేది అర మిల్లీమీటరు కంటే తక్కువే అయినా, చక్రం మీద దాని ప్రభావం చాలా ఉంటుంది. అర చుట్టు తిప్పండి, చక్రం తిప్పి చూడండి, మళ్లీ తిప్పండి. అన్నిటికంటే పెద్ద వంకరను సగం తగ్గించి, తర్వాతి దానికి పోండి. అలా నాలుగైదు సార్లు చుట్టూ వస్తే చక్రం దారికి వస్తుంది. పాత ఇనుప రిమ్ముకు రెండు మిల్లీమీటర్ల లోపు ఊపు మిగిలినా నష్టం లేదు. అద్దంలా చేయాలని పట్టుబట్టి చువ్వలు తెంపుకోవద్దు.

ఎత్తు, పల్లం ఉంటే

చీపురు పుల్లను ఇప్పుడు రిమ్ము పక్కన కాకుండా దాని అంచుకు ఎదురుగా కట్టండి. రిమ్ము బయటికి ఉబికినచోట కుడి, ఎడమ చువ్వలు రెండింటినీ సమానంగా అర చుట్టు బిగిస్తే ఉబ్బు దిగుతుంది.

రాయి తగిలి లోపలికి పోయిన పల్లం మొండిది. అక్కడ చువ్వలు ముందే వదులై ఉంటాయి. చువ్వ లాగగలదు కానీ తోయలేదని ముందే చెప్పుకున్నాం. కాబట్టి పల్లాన్ని చువ్వలతో బయటికి తేలేరు. చక్రాన్ని ఊడదీసి, ఆ చోట ఉన్న నాలుగైదు చువ్వలను ఇంకా వదలండి. రిమ్ము లోపలి వైపు, చువ్వల మధ్య ఒక చెక్క ముక్క ఆనించి, కొయ్య సుత్తితో మెల్లగా బయటికి తట్టండి. ఇనుప సుత్తితో నేరుగా కొట్టవద్దు. కొంచెం బయటికి వచ్చాక చువ్వలు మళ్లీ బిగించి పక్క ఊపు చూసుకోండి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి కొంచెం కదులుతుంది. అది మామూలే.

అంచు సొట్టపోతే

టైరును పట్టి ఉంచే అంచు ఒక్కచోటే లోపలికి మడిస్తే చువ్వలతో పని లేదు. టైరు విప్పి, అంచుకు రెండువైపులా పాత తోలు ముక్క వేసి, రెంచి నోటిని అంచుకు సరిపోయేలా బిగించి కొద్దికొద్దిగా లాగండి. ఒకే ఊపులో లాగితే ఇనుము చీలుతుంది. చేత్తో తడిమితే గరుకు తగలకూడదు. తగిలితే ఆకురాయితో నునుపు చేయండి. లేకుంటే టైరు కోసుకుపోతుంది.

కొలిమిలో కాల్చి సరిచేయిస్తే బాగుంటుందని కొందరంటారు. అలా చేయకండి. కాల్చినచోట పైపూత కాలిపోయి త్వరగా తుప్పు పడుతుంది. ఇనుము మెత్తబడి, బరువు పడగానే అక్కడే మళ్లీ వంగుతుంది.

చక్రం ‘ఎనిమిది’ అయితే

గుంతలో పడ్డప్పుడు, బరువుతో పక్కకు ఒరిగినప్పుడు చక్రం ఒక్కసారిగా మెలిక పడుతుంది. దారి మధ్యలో అలా అయితే బరువు దింపి, చక్రం ఊడదీసి, బయటికి వచ్చిన రెండు చివరలను నేల మీద ఆనించి, మిగతా రెండు వైపులను చేతులతో ఒత్తండి. చాలాసార్లు ‘టక్’మని వెనక్కి వస్తుంది. అలా వచ్చినా దాని మీద ఎక్కవద్దు, బరువు పెట్టవద్దు. ఇంటిదాకా నడిపించుకొని రండి.

ఇంటి దగ్గర ఒక పరీక్ష చేయండి. చువ్వలన్నీ సమానంగా, రెండేసి చుట్ల చొప్పున వదులు చేస్తూ పోండి. చువ్వల లాగుడు పూర్తిగా పోయాక, అరుగు మీద షాబాదు బండలుంటే వాటి మీద రెండు సమానమైన ఇటుకల సాయంతో ఇరుసు తగలకుండా రిమ్మును పడుకోబెట్టి, చుట్టూ ఎత్తు చూడండి. దాదాపు తిన్నగా ఉంటే రిమ్ము మంచిదే, చువ్వలు మళ్లీ సమానంగా బిగిస్తే కొత్తదానిలా పనిచేస్తుంది. లాగుడు పోయాక కూడా వేలి మందం కంటే ఎక్కువ వంకర మిగిలితే ఇనుమే వంగినట్టు. దాన్ని చువ్వలతో బలవంతంగా లాగి పెట్టినా నిలవదు. ఒకవైపు చువ్వలు విపరీతంగా బిగిసి, నెల తిరగకముందే ఒక్కొక్కటి తెగుతాయి.

టైరు ఎక్కించే ముందు

పక్కపక్కన ఉన్న చువ్వలను రెండేసి కలిపి పిడికిట్లో గట్టిగా నొక్కండి. చుట్టూ ఇలా చేస్తే అవి తమ చోట్లలో కుదురుకుంటాయి. తర్వాత మళ్లీ ఒకసారి ఊపు చూడండి. ముందు చక్రంలో అన్ని చువ్వల మోత దాదాపు ఒకేలా ఉండాలి. వెనక చక్రంలో ఫ్రీవీలు వైపువి కొంచెం ఎక్కువ బిగువుగా ఉండవచ్చు. కానీ ఒకే వైపు ఉన్నవాటి మోతలో పెద్ద తేడా ఉండకూడదు.

రిమ్ము లోపలి వైపు వేలితో తడిమి, చువ్వ కొన నిప్పిల్ దాటి పొడుచుకు వచ్చిందేమో చూడండి. వస్తే ఆకురాయితో అరగదీయండి. రిమ్ము టేపు చినిగితే పాత ట్యూబును సన్నగా కోసి చుట్టండి. బాగుచేసిన మర్నాడే పంచరు అయిందంటే కారణం చాలాసార్లు ఇదే. చక్రం బిగించాక ఫోర్కు మధ్యలో ఉందో లేదో చూసి, బ్రేకు రబ్బర్లకు, రిమ్ముకు మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండేలా సర్దండి. ముందుగా వదులు చేసి పెట్టుకున్న బ్రేకును మళ్లీ బిగించడం మరవకండి.

పారేయక తప్పని రిమ్ము

నిప్పిల్ రంధ్రాల చుట్టూ పగులు ఉంటే, రిమ్ము అతుకు విడిస్తే, తుప్పు తిని రేకు పలుచబడి స్క్రూడ్రైవరు కొనతో గుచ్చితే దిగబడితే, ఒకచోట కాగితం మడిచినట్టు మడత పడితే ఆ రిమ్మును వదిలేయండి. వందో రెండొందలో మిగుల్చుకుందామని దాని మీద బరువు వేయకూడదు. పిల్లలు బడికి పోయే కొత్తరకం సైకిళ్లలో కొన్నిటికి అల్యూమినియం రిమ్ములుంటాయి. అవి ఇనుములా వంచితే వంగవు, పగులుతాయి. వాటికి చువ్వలు సర్దడం వరకే చేయండి, కొట్టడం వద్దు.

కొత్త రిమ్ము కొనేటప్పుడు పాతది వెంట తీసుకుపోండి. చాలా పాత రోడ్డు సైకిళ్లకు 28 అంగుళాల, ఒకటిన్నర అంగుళం టైరు పట్టే రిమ్ము ఉంటుంది. ముందుదానికి 32, వెనకదానికి 40 రంధ్రాలు లెక్కపెట్టి తీసుకోండి. కడ్డీ బ్రేకులు ఉన్నవాళ్లు రిమ్ము అంచు ఆకారం కూడా పాతదానితో పోల్చాలి. అట్లాస్ కంపెనీ 2020లో సాహిబాబాద్ కర్మాగారం ఆపేసినా ఆ సైకిలు ఉన్నవాళ్లు దిగులు పడనక్కర్లేదు. కొలత కుదిరితే వేరే కంపెనీ రిమ్ము కూడా పడుతుంది. ఇరుసు డబ్బా మంచిదైతే దాన్నే వాడుకోవచ్చు.

మళ్లీ వంగకుండా

అన్నిటికంటే ముఖ్యం గాలి. బరువు వేసినప్పుడు టైరు అణిగి రిమ్ము రాయిని తాకడమే పల్లానికి మొదటి కారణం. బరువు కట్టే రోజు గాలి నిండుగా కొట్టండి. రెండు పక్కలా సమానంగా కట్టండి. ఒకవైపే క్యాను వేలాడదీస్తే ఆ వైపు చువ్వలు అలసిపోతాయి. వాగు దాటేటప్పుడు, గుంతలు వచ్చినప్పుడు దిగి నడిపించండి. ఎరువు మోసిన రోజు చక్రాన్ని నీళ్లతో కడిగి, ఆరాక నూనె గుడ్డతో తుడవండి. నెలకొకసారి చువ్వలన్నీ మీటి చూడండి. ఒక్కటి వదులైనప్పుడే బిగిస్తే పక్కవి నిలుస్తాయి.

ఇంట్లో పెద్ద పిల్లలుంటే ఆడపిల్లలైనా, మగపిల్లలైనా పక్కన కూర్చోబెట్టుకొని ఈ పని నేర్పండి. బడి దారిలో చక్రం ఊగితే వాళ్లే కనిపెడతారు. బాగుచేసిన సైకిలు మీద మొదటిరోజు బరువు పెట్టకండి. ఊళ్లోనే ఖాళీగా తొక్కి, చిన్న దిగుడులో రెండు బ్రేకులూ పట్టి చూడండి. చువ్వలు కుదురుకొని కొన్ని వదులవుతాయి. మర్నాడు మరోసారి పానా పట్టి సర్దండి. ఆ తర్వాతే పాల క్యాన్లు కట్టండి.